నువ్వుండల నుంచి కుడుముల దాకా
(చంటిపాప మొదటి తొమ్మిది నెలల ఎదుగుదల గురించి దంపతులకు నాలుగు మాటలు)



ఈ రోజు టీకాల రోజు. మీలో చాలామంది బిడ్డను చంకనెత్తుకుని ఎండనపడి వచ్చారు. సూది వేసిన తరువాత ఒక అరగంట ఇక్కడే కూర్చోమని నర్సమ్మగారు చెబుతారు. ఆ అరగంటలో మీతో కొంచెం మాట్లాడాలని నా కోరిక. నేను చెప్పబోయేవి కొత్త సంగతులేమీ కావు. మీ అమ్మమ్మలు, నాయనమ్మలు ఎరిగినవే.

మన ఇళ్ళల్లో ఒక ముచ్చట ఉంది. పాపాయి నవ్వితే నువ్వుండలు చేసి పంచుతారు. బోర్లా పడితే బొబ్బట్లు. కూర్చుంటే కుడుములు. అడుగు వేస్తే అరిసెలు. ఊరిని బట్టి, ఇంటిని బట్టి వంటకం మారవచ్చు గాని ముచ్చట మారదు. ఇది ఉత్త తిండి వేడుక అనుకోకండి. కాగితాలూ, కార్డులూ లేని రోజుల్లో పెద్దలు బిడ్డ ఎదుగుదలను లెక్క చూసుకున్న పద్ధతి ఇది. "ఏమమ్మా, మీ ఇంట్లో ఇంకా బొబ్బట్లు చెయ్యలేదేం?" అని పక్కింటావిడ అడిగిందంటే, బిడ్డను మీతోపాటు వీధి వీధంతా కనిపెట్టి ఉన్నదన్నమాట.

అయితే ఈ లెక్కలో ఒక లోటుంది. సందడిగా కనిపించే వాటికే పిండివంటలున్నాయి. తల్లి ముఖం మీద చూపు నిలిపినందుకు ఏ వంటా లేదు. చప్పుడుకు తల తిప్పినందుకు లేదు. మెడ నిలబెట్టినందుకు లేదు. డాక్టరుగారు ముందుగా అడిగేది మాత్రం వీటిని గురించే. అందుచేత పిండివంట ఉన్న గుర్తులూ, లేని గుర్తులూ రెండూ మీరు తెలుసుకోవాలి.

తొలి నెల

పుట్టిన బిడ్డకు ఏమీ తెలియదని అనుకుంటాం. అది సరికాదు. తల్లి గొంతును బిడ్డ కడుపులో ఉండగానే వింటుంది. పుట్టాక జానెడు, మహా అయితే జానెడు మీద నాలుగు వేళ్ళ దూరంలో ఉన్న ముఖాన్ని చూడగలదు. పాలిచ్చేటప్పుడు తల్లి ముఖానికీ బిడ్డ ముఖానికీ ఉండే దూరం ఇంచుమించు అంతే. అరచేతిలో వేలు పెడితే బిగించి పట్టుకుంటుంది. పెదవి పక్కన తాకితే అటు తిరిగి నోరు తెరుస్తుంది. పెద్ద చప్పుడైతే ఉలిక్కిపడుతుంది. ఇవన్నీ ఆరోగ్యానికి గుర్తులు.

పుట్టిన మొదటి రోజుల్లో బిడ్డ బరువు కొంచెం తగ్గుతుంది. భయపడనక్కరలేదు. రెండు వారాలు తిరిగేసరికి పోయిన బరువు మళ్ళీ రావాలి. ఆ తరువాత మూడు నెలల దాకా రోజుకు సుమారు 20 నుంచి 30 గ్రాముల చొప్పున పెరగాలి. అయిదారు నెలలకు పుట్టిన బరువుకు రెట్టింపు అవుతుంది. అందుకే వచ్చినప్పుడల్లా బిడ్డను తూకం వేయించి కార్డులో రాయించుకోండి.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా వినండి. "మా వాడు బుద్ధిమంతుడండీ, అసలు ఏడవడు, పాలకు కూడా మేమే లేపాలి" అని కొందరు తల్లులు మురిసిపోతారు. అస్తమానం మగతగా నిద్రపోతూ, పాలకు లేవక, విరేచనం సరిగా కాక, పుట్టినప్పటి పసిరికలు రెండు వారాలు దాటినా తగ్గక, ఏడుపు బొంగురుగా ఉంటే ఆ బిడ్డను వెంటనే డాక్టరుకు చూపించాలి. గొంతు దగ్గర ఉండే థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేయని పిల్లల్లో ఇలా ఉండవచ్చు. మడమ నుంచి ఒక నెత్తుటి చుక్క తీసి పరీక్ష చేస్తే తెలిసిపోతుంది. మొదటి రెండు వారాల్లోనే మాత్ర మొదలుపెడితే బిడ్డ బుద్ధి అందరి పిల్లల్లాగే వికసిస్తుంది. ఆలస్యమైన కొద్దీ పోయిన బుద్ధి తిరిగి రాదు. చిన్న మాత్ర, పెద్ద తేడా!

ఇంకొన్ని గుర్తులు రేపటిదాకా కూడా ఆగేవి కావు. బిడ్డ పాలు మానేయడం, ఒళ్ళు చల్లబడటం లేక జ్వరంతో కాలిపోవడం, ఎగశ్వాస, ఊపిరి తీసేటప్పుడు డొక్కలు లోపలికి పోవడం, ఫిట్స్, అరచేతులూ అరికాళ్ళూ పసుపు పచ్చగా మారడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోను చేసి ఆసుపత్రికి తీసుకుపొండి.

నవ్వు - నువ్వుండలు

మొదటి వారాల్లో బిడ్డ నిద్రలో నవ్వుతుంది. దేవుడు ఆడిస్తున్నాడంటారు పెద్దలు. ఆ నవ్వు ముచ్చటైనదే గాని మనం లెక్క పెట్టుకోవలసింది అది కాదు. మెలకువగా ఉన్నప్పుడు మీ ముఖం చూసి, మీరు పలకరిస్తే, మీకోసం నవ్వే నవ్వు లెక్క. నెలా పదిహేను రోజుల నుంచి రెండు నెలల లోపల చాలామంది పిల్లలు ఈ నవ్వు నవ్వుతారు. నువ్వుండలు ఈ నవ్వుకు చేయండి.

ఈ నవ్వులో ఎన్ని సంగతులున్నాయో చూడండి. బిడ్డ కళ్ళు చూస్తున్నాయి. చూసిన ముఖాన్ని మెదడు గుర్తుపడుతోంది. మనిషితో మనిషి కలవాలనే కోరిక పుట్టింది. మూడు నెలలు నిండినా బిడ్డ మిమ్మల్ని చూసి నవ్వకపోతే చూపించండి.

మరొక మాట. ఆడపిల్ల నవ్వినా నువ్వుండలే చేయండి. ఆడపిల్ల ఆలస్యంగా మెడ నిలిపినా అంతే తొందరగా తీసుకురండి. నవ్వుకు ఆడా మగా తేడా లేదు.

పిండివంట లేని మూడు గుర్తులు

మొదటిది చూపు. రెండు నెలలకు బిడ్డ మీ ముఖం వంక నిలిపి చూడాలి. మూడు నెలలకు ఎదురుగా ఎర్రగాజునో, రంగు గుడ్డనో మెల్లగా అటూ ఇటూ కదిపితే కళ్ళతో వెంబడించాలి. పుట్టిన కొత్తలో అప్పుడప్పుడు కన్ను మెల్లగా కనిపించడం మామూలే. నాలుగు నెలలు దాటినా మెల్ల ఉంటే అదృష్టమని సరిపెట్టుకోకండి, చూపించండి. కంటిపాప నల్లగా ఉండక తెల్లగా మెరిస్తే మాత్రం ఏ వయసులోనైనా, ఆ రోజే తీసుకురండి. పుట్టుకతో వచ్చే శుక్లం కావచ్చు, అంతకన్నా ప్రమాదమైన గడ్డ కావచ్చు. త్వరగా పట్టుకుంటే కన్నూ దక్కుతుంది, ప్రాణమూ దక్కుతుంది.

రెండవది చెవి. ఒక ఇంట్లో జరిగిన సంగతి చెబుతాను. ఊరి పేరు వద్దు. ఆ పాపకు మూడు, నాలుగు నెలలప్పుడు "ఊఁ", "ఆఁ" అని ఊసులు బాగానే ఆడేది. ఆరు నెలలు దాటాక ఊసులు తగ్గాయి. ఎవరి కన్నో పడిందని దిష్టి తీశారు. ఏడాది దాటినా మాట రాలేదు. "వాళ్ళ నాన్నకూ మాట ఆలస్యమే" అంది నాయనమ్మ. మూడేళ్ళు నిండాక పట్టుకొచ్చారు. చెవి వినపడదని తేలింది. తండ్రి నమ్మలేదు. "తలుపు దబాలున వేస్తే ఉలిక్కిపడేదండీ" అన్నాడు. పాపం, అతను అబద్ధం చెప్పలేదు. తలుపు వేసినప్పుడు నేల అదురుతుంది, గాలి తగులుతుంది. ఆ పాప ఉలిక్కిపడింది అదురుకు, చప్పుడుకు కాదు.

ఇందులో తెలుసుకోవలసింది ఏమంటే, చెవిటి బిడ్డ కూడా మొదటి నెలల్లో ఊసులాడుతుంది. తన గొంతు తనకు వినపడదు కాబట్టి తరువాత క్రమంగా మానేస్తుంది. ఊసులాడుతోంది గదా అని ధీమా పడకూడదు. ఇంట్లో మీరు ఇలా చూడవచ్చు: గది నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, బిడ్డ నెమ్మదిగా ఉన్నప్పుడు, మీరు కనపడకుండా ఒక పక్కన నిలబడి మెత్తగా పేరు పెట్టి పిలవండి, లేక గిలక కొంచెం ఆడించండి. నాలుగు నుంచి ఆరు నెలల బిడ్డ ఆ వైపు తల తిప్పాలి. రెండు పక్కలా చూడండి. ఆరు నెలలు నిండినా తిప్పకపోతే ఆలస్యం చేయకండి. ఇంటి పరీక్షలో తిప్పినా మీకు అనుమానం మిగిలితే సరే, ఆసుపత్రిలో పరీక్ష చేయించండి. అసలు నెల లోపలే ప్రతి బిడ్డకూ యంత్రంతో చెవి పరీక్ష జరిగితే మంచిది. నిద్రపోతున్న బిడ్డకు కూడా ఈ పరీక్ష చేయవచ్చు, నొప్పి ఉండదు. లోపం తెలిసి ఆరు నెలల లోపు వినికిడి యంత్రమూ, శిక్షణా మొదలైతే ఆ బిడ్డకు మాటలు వచ్చే అవకాశం ఎంతో మెరుగు. పైన చెప్పిన పాపకు పోయినవి ఆ నెలలే.

మూడవది మెడ. మెలకువగా ఉన్న బిడ్డను చాప మీద బోర్లా పడుకోబెడితే రెండు నెలలకు తల కొంచెం పైకి ఎత్తుతుంది. నాలుగు నెలలకు ఎత్తుకుంటే మెడ వాలకుండా నిలబడుతుంది. ఎదుగుదల తలనుంచి కాళ్ళవైపు దిగుతుంది: ముందు మెడ, తరువాత వీపు, ఆ తరువాత నడుము, చివరికి కాళ్ళు. పునాది లేనిదే గోడ లేవదు గదా! నాలుగు నెలలు నిండినా మెడ వాలిపోతుంటే చూపించండి. అప్పటికీ పిడికిళ్ళు ఎప్పుడూ మూసే ఉన్నా, గుడ్డలు మార్చేటప్పుడు కాళ్ళు కర్రల్లాగా బిగుసుకుంటున్నా, లేదా ఒళ్ళంతా తడిగుడ్డలాగా వాలిపోతున్నా చూపించండి. ఒక్క చేతినే వాడుతూ రెండో చేతిని వాడకపోతే, ఎడమచేతి వాటమని నవ్వుకోకండి. ఏడాది లోపు బిడ్డకు ఏ చేతి వాటమూ ఉండదు.

బోర్లా పడటం - బొబ్బట్లు

నాలుగు నుంచి ఆరు నెలల మధ్య చాలామంది పిల్లలు బోర్లా పడతారు. ఇదే వయసులో చెయ్యి చాచి వస్తువు అందుకుంటారు, అందినదల్లా నోట్లో పెట్టుకుంటారు, కిలకిలా నవ్వుతారు. ఆరు నెలలు నిండినా బోర్లా పడే ప్రయత్నం చేయకపోయినా, గిలకకు చెయ్యి చాపకపోయినా ఒకసారి చూపించండి.

ఈ ముచ్చటతోపాటు ఒక ప్రమాదమూ వస్తుంది. నిన్నటిదాకా కదలని బిడ్డ ఈ రోజు దొర్లుతుంది. మంచం మీద ఒంటరిగా వదలకండి, కింద చాప మీదే పడుకోబెట్టండి. గుండీలు, చిల్లర డబ్బులు, వేరుశనగ గింజలు దగ్గర ఉంచకండి.

ఇంకొక సంగతి. బోర్లా పడుకోబెట్టడం మెలకువగా ఉన్నప్పుడు, మీరు దగ్గరుండి చూస్తున్నప్పుడు మాత్రమే. నిద్రపుచ్చేటప్పుడు వెల్లకిలా పడుకోబెట్టాలి. ముఖం చుట్టూ దిండ్లు, మెత్తటి గుడ్డలు పెట్టకూడదు.

కూర్చోవడం - కుడుములు

ఆరో నెలలో బిడ్డ చేతులు ముందుకు ఆనించి కాసేపు కూర్చుంటుంది. తరువాత ఏ ఆనుడూ లేకుండా కూర్చుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో సహా అయిదు దేశాల పిల్లలను చూసి 2006లో ప్రకటించిన లెక్క ఒకటి ఉంది. ఆరోగ్యమైన పిల్లలు కొందరు నాలుగో నెలలోనే ఆనుడు లేకుండా కూర్చున్నారు, కొందరు తొమ్మిది నెలలకు గాని కూర్చోలేదు. ఇద్దరూ మంచి పిల్లలే! కనుక "మా తోటికోడలి కొడుకు అప్పుడే కూర్చున్నాడు" అని బెంగ పెట్టుకోకండి. తొమ్మిది నెలలు నిండితే మాత్రం ఆగకండి. ఆ లెక్కలోనే ఇంకో సంగతి తేలింది. నూటికి నలుగురు పిల్లలు అసలు పాకనే లేదు, నేరుగా నిలబడి నడిచారు. పాకకపోవడం ఒక్కటే జబ్బుకు గుర్తు కాదు.

ఆరు నెలలు నిండేదాకా బిడ్డకు తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా అవసరం లేదు. తేనె నాకించడం, ఆముదపు ఉగ్గు పోయడం వద్దు. ఏడాది లోపు తేనె ప్రమాదం. ఆరో నెల నిండగానే మెత్తగా మెదిపిన పప్పన్నం, నెయ్యి, గుడ్డు, కూరగాయలు మొదలుపెట్టండి. తల్లిపాలు మానకండి.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ

బిడ్డ రెండు నెలల ముందుగా పుట్టిందనుకోండి. నాలుగో నెల నిండినప్పుడు ఆ బిడ్డను రెండు నెలల బిడ్డగా లెక్క వేయాలి. ఎంత ముందుగా పుట్టిందో అంత కాలం తీసివేసి గడువులు చూసుకోండి. టీకాలకు మాత్రం తీసివేత లేదు, పుట్టిన తేదీ నుంచే లెక్క. ఈ పిల్లలకు కళ్ళ పరీక్ష, చెవి పరీక్ష డాక్టరు చెప్పిన రోజుకు తప్పక చేయించాలి.

ఇంట్లో మీరు చేయవలసింది

డబ్బు పెట్టి బొమ్మలు కొననక్కరలేదు. బిడ్డకు మొదటి బొమ్మ మీ ముఖం. స్నానం చేయిస్తూ, గుడ్డలు మారుస్తూ మాట్లాడండి. బిడ్డ "ఊఁ" అంటే మీరూ "ఊఁ" అని కాసేపు ఆగండి, మళ్ళీ పలుకుతుంది. మాటకు మాట బదులివ్వడం ఇక్కడే నేర్చుకుంటుంది. జోల పాడండి. రోజంతా చీర ఉయ్యాలలోనే ఉంచకుండా చాప మీద కాసేపు ఆడనివ్వండి.

నూనెతో మెల్లగా ఒళ్ళు రుద్దడం మంచిదే. ముక్కులో, చెవిలో నూనె పోయవద్దు. ముక్కు నొక్కి, తల నొక్కి తీర్చిదిద్దనక్కరలేదు. కంట్లో కాటుక పెట్టవద్దు. సాంబ్రాణి పొగ ముఖానికి పట్టవద్దు. ఏడుపు ఆపలేదని విసుగుతో బిడ్డను పట్టి ఊపకండి, లేత మెదడు దెబ్బతింటుంది. ఏడాది లోపు బిడ్డ చేతికి సెల్‌ఫోను ఇవ్వకండి, ఎదురుగా టీవీ పెట్టకండి. ఫోను బొమ్మ మన నవ్వుకు బదులు నవ్వదు.

అయ్యలారా! ఇది ఆడవాళ్ళ పని అనుకోకండి. పొలం నుంచి వచ్చి చేతులు కడుక్కుని బిడ్డను పావుగంట ఎత్తుకోండి. బాలింత కంట నీరు పెడుతూ, నిద్రపట్టక, బిడ్డ మీద ధ్యాస లేకుండా ఉండటం రెండు వారాలు దాటితే, పొగరనీ సోమరితనమనీ అనకండి. కాన్పు తరువాత కొందరికి వచ్చే మనోవ్యాధి అది. మందుంది. తీసుకురండి. తల్లి నవ్వితేనే గదా బిడ్డ నవ్వేది! ఒళ్ళోని బిడ్డకు ఇంత శ్రద్ధ కావాలి కాబట్టే మరో కాన్పుకు ఎడం ఉండాలని మేము చెప్పేది.

ఎవరికి చూపించాలి?

కాన్పు తరువాత 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆశా కార్యకర్త మీ ఇంటికి వస్తుంది. ఆ తరువాత మూడో నెల, ఆరో నెల, తొమ్మిదో నెలల్లో వస్తుంది. గుమ్మంలోనే నిలబెట్టి పంపకండి. బిడ్డను చూపించి మీ అనుమానం చెప్పండి.

టీకాల రోజులనే గుర్తుగా పెట్టుకోండి. ఆరు వారాల టీకాకు వచ్చినప్పుడు నవ్వు, చూపు సంగతి అడగండి. పధ్నాలుగు వారాల టీకాకు వచ్చినప్పుడు మెడ సంగతి అడగండి. తొమ్మిది నెలల టీకాకు వచ్చినప్పుడు బిడ్డను కూర్చోబెట్టి చూపించండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టుకతో వచ్చిన లోపాలకు, ఎదుగుదల ఆలస్యానికి పరీక్ష, చికిత్స ఉచితం. అవసరమైతే మిమ్మల్ని జిల్లాలోని ప్రత్యేక కేంద్రానికి పంపుతారు.

గడువులు గుర్తుంచుకోండి

మూడు నెలలు నిండితే: మిమ్మల్ని చూసి నవ్వాలి, వస్తువును కళ్ళతో వెంబడించాలి.
నాలుగు నెలలు నిండితే: మెడ నిలవాలి, పిడికిళ్ళు విడాలి.
ఆరు నెలలు నిండితే: చప్పుడు వైపు తల తిప్పాలి, వస్తువుకు చెయ్యి చాపాలి.
తొమ్మిది నెలలు నిండితే: ఆనుడు లేకుండా కూర్చోవాలి.
ఏ నెలలోనైనా: నేర్చుకున్నది మరచిపోతే, అంటే నవ్వే బిడ్డ నవ్వు మానితే, కూర్చునే బిడ్డ కూర్చోలేకపోతే, వెంటనే తీసుకురావాలి.

గడువు దాటిన ప్రతి బిడ్డకూ జబ్బున్నట్టు కాదు. చూసి "ఏమీ లేదు, నిశ్చింతగా ఉండండి" అని పంపితే మీకు పోయేది ఒక పూట కూలి. చూపించకుండా ఊరుకుంటే పోయేది బిడ్డ బతుకులో మళ్ళీ రాని కాలం. "వాళ్ళ నాన్నకూ ఇంతే" అన్న మాట నిజమే కావచ్చు. ఆ మాట డాక్టరుగారు బిడ్డను చూసి చెప్పాలి, చూడకుండా మనం చెప్పుకోకూడదు.

అరగంట అయిపోయింది. ఇక ఇళ్ళకు పొండి. మీ పాపాయి నవ్విన రోజున నువ్వుండలు చేసుకోండి, నర్సమ్మగారికీ ఒకటి తెచ్చిపెట్టండి. చేయవలసిన రోజు దాటిపోయినా చేయలేకపోతే, నువ్వుండలు లేకపోయినా సరే, బిడ్డను తీసుకురండి.